సిరిసిల్ల గుడ్డకు పోయివచ్చిన వైనం

ఉదయం ఆరుంబావుకు జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కేటప్పటికి నా వద్ద మూడు వస్తువులున్నాయి: బట్టల సంచి, గొట్టంలా చుట్టిన చార్టులు, హైదరాబాదులో నాకు ఇచ్చిన శిక్షణ పుస్తకం. మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. అందువల్ల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేయాలనే పట్టుదల నాలో కొంత ఎక్కువగా ఉండేది. ప్రార్థనతో మొదలుపెట్టి, మనసులో ధైర్యం నింపి, పేద యువతకు చిన్న వ్యాపారం నేర్పించమని మా చర్చివారు నన్ను నియమించారు.

ఈ దారిన వెళ్లదలచిన వారికి ముందుగా ఒక మనవి. ఈ వైపు రైలు లేదు. నక్సలైటు అన్నల కాలం కనుక చీకటి పడ్డాక బస్సులూ ఉండవు. ఏ పనైనా సాయంత్రం లోపల ముగించుకోవాలి.

నా పక్క సీటులోని పెద్దమనిషి చాలాసేపు ఆ గొట్టం వంక చూశాడు.

"గండ్ల ఏమున్నది తమ్మీ?"

"చార్టులు, తాతా."

"తాకుతె పేలుతయా?"

"పేలవు. వాటిని చూపించి నలుగురికి బోధిస్తాను."

"గదింకా ఖతర్నాక్" అని ఆయన లేచి వెనక సీటుకు వెళ్లిపోయాడు.

ఏడున్నరకు కోరుట్ల చేరాను. బస్టాండు ఎదుట ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, చట్నీ మాత్రం అడిగి వేయించుకోవాలి. బస పాస్టరుగారి ఇంట్లోనే. మూడు రోజులూ అన్నం, పచ్చిపులుసు, ఒక పూట కోడిగుడ్డు.

చర్చి గదిలో పద్నాలుగు మంది చేరారు. పుస్తకంలోని మొదటి పాఠం ప్రకారం ప్రతి ఒక్కరూ అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అని మూడుసార్లు అనాలి. చర్చిలో అద్దం లేదు. పాస్టరుగారు గడ్డం గీసుకునే అద్దం తెచ్చి మేకుకు తగిలించాం. అది అరచేయంత ఉండటం వల్ల ఒకరికి ముక్కు, మరొకరికి చెవి మాత్రమే కనిపించాయి. కూతురికి తోడుగా వచ్చిన ఎల్లవ్వ కూడా వరుసలో నిలబడింది.

"మీరు శిక్షణలో లేరు కదమ్మా" అన్నాను.

"నేను చెయ్యకుంటె నాకు బువ్వెవలు వెడ్తరు సారూ?" అని, అద్దంలోకి చూసి గట్టిగా మూడుసార్లు అని, కొంగు సవరించుకుంది.

ఆమె కూతురు రూతుకు ఇరవై ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఇంట్లో బీడీలు చుట్టిన పిల్ల, చర్చిలో కుట్టుమిషను నేర్చుకుంది. సిరిసిల్ల నుంచి గుడ్డ తెచ్చి లంగలు కుట్టి కోరుట్ల అంగడిలో అమ్మాలని ఆమె ఆలోచన. తండ్రి ఒక్క నెల గడువిచ్చాడు. ఆలోగా పని మొదలుకాకపోతే మిషను మూసిపెట్టి మళ్లీ బీడీల చాట ముందు కూర్చోవాలి. గడువు ఆ శనివారంతో ముగుస్తుంది. రూతుకు ఏమవుతుందో చూసి నిర్ణయించుకుందామని ఇంకో ముగ్గురు అమ్మాయిలు ఎదురుచూస్తున్నారని పాస్టరుగారు నాకు విడిగా చెప్పారు. దానితో ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి నేను, రూతు, ఎల్లవ్వ గుడ్డ కోసం సిరిసిల్లకు బయలుదేరాం. నేరుగా బస్సు దొరకలేదు కనుక వేములవాడలో మారాలి. దారిలో అడవి మలుపు దగ్గర పోలీసులు బస్సు ఆపి మగవాళ్లందరినీ దింపారు. ఒక కానిస్టేబుల్ నా గొట్టం విప్పి మొదటి చార్టు బిగ్గరగా చదివారు.

"నేను చేయగలను." తల ఎత్తి నన్ను చూశారు. "ఏం చెయ్యగలవ్?"

"వ్యాపారం, సార్."

"ఏం యాపారం?"

"పుస్తకం ప్రకారం అది సర్వే అనంతరం నిర్ణయించవలసి ఉన్నది, సార్."

ఆయన చేతిలోని తుపాకి ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది. ఇంతలో ఎల్లవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"సారూ, గాయన మంచోడే. సదువెక్కువైంది గంతే."

ఈ ఒక్క మాటపై నన్ను వదిలేశారు. నా డిగ్రీ నాకు అక్కరకు వచ్చిన తీరు అది.

పదకొండున్నరకు సిరిసిల్ల. బస్సు దిగగానే సాంచల చప్పుడు వినిపిస్తుంది. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. హోటల్లో అన్నం తిని, పాస్టరుగారు చెప్పిన ఆసామి మల్లేశం ఇంటికి వెళ్లాం. ఎనిమిది సాంచల మీద లంగల గుడ్డ నేయిస్తాడు. రూతు చెప్పిందంతా విని తల ఊపాడు.

"ఇస్త బిడ్డా. గని ఎవలు కట్టుకుంటరు, ఏ రంగు, ఎట్లాంటిది గావాలె? గది తెల్వకుంట తీస్కపోతె మూలకు వడ్తది. నాలుగింటికి సేటు మనిషి అచ్చి తానులన్ని కట్టుకపోతడు. గాలోపల జెప్పు."

అప్పటికి ఒంటిగంట. నేను ధైర్యంగా పుస్తకం తెరిచాను. "సర్వే చేద్దాం."

సాంచల వెనక వాడలో ఆడవాళ్లందరూ గడపల్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. లంగల విషయం ఒక పురుషుడు అడగడం ఉచితం కాదని తోచి, పుస్తకంలోని సాధారణ ప్రశ్నలతో ప్రారంభించాను. మొదటి ఇంటి ఆమె పేరు లస్మక్క. నేను పెన్ను తీశాను.

"ఇంట్లో మగవారు ఎందరు? ఏ వేళకు బయటకు వెళ్తారు? ఏ దారిన తిరిగి వస్తారు?"

లస్మక్క చేతిలో బీడీ ఆగిపోయింది. "మా ఇంట్ల మొగోళ్లెవ్వలు లేరు సారూ. ఎన్నడు లేరు."

ఆమె వెనకే మంచం మీద ఒకాయన చాయ్ తాగుతున్నాడు. నేను ఆయన వంక చూశాను.

"నేనెవ్వలో గీమెకు తెల్వది" అన్నాడాయన. "దూప అయితున్నదని అచ్చిన. పోతున్న." చాయ్ గ్లాసుతో సహా పెరటి దారిన వెళ్లిపోయాడు.

నేను రెండో గడప చేరేలోగా ఆ తలుపు మూసుకుంది, ఆపైన మూడోది, నాలుగోది. ఐదు నిమిషాల్లో వాడలో కోళ్లు తప్ప ఎవరూ లేరు. ఆ రోజుల్లో మగవాళ్ల రాకపోకలు పుస్తకంలో రాసుకునేవాడు పోలీసుల మనిషో, అన్నల మనిషో అయి ఉంటాడు. మా ఊళ్లో నన్నెవరైనా అలా అడిగితే నేనూ తలుపు వేసుకునేవాణ్ణే. పుస్తకం చేతిలో ఉండటం వల్ల ఆ సంగతి నాకు తోచలేదు.

"సార్" అంది రూతు నెమ్మదిగా, "మీరు గా చాయ్ హోటల్ల కూసోన్రి. గా బుక్కు సంచిల వెట్టున్రి."

కూర్చున్నాను. రూతు వెళ్లి లస్మక్క గడపలో చతికిలపడి, వదిలేసిన చాటను దగ్గరికి లాక్కుంది. కత్తెర తీసుకుని ఆకు కత్తిరించి బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఎల్లవ్వ పక్కన కూర్చుని దారం కడుతోంది. కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఏ ఊరు బిడ్డా? చెయ్యి మస్తు నడుస్తున్నది."

"కోరుట్ల అక్కా."

"గా పోలీసాయన మీకేమైతడు?"

"పోలీసు గాదు, మా సారు. గాయనకు ఏం తెల్వది" అంది ఎల్లవ్వ.

వాడంతా నవ్వింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. నేను మూడు చాయ్‌లు తాగాను. మూడున్నర అయింది. సేటు మనిషి రిక్షా మల్లేశం ఇంటివైపు వెళ్లడం చూసి చాయ్ డబ్బులిచ్చి బయటకు వచ్చాను. అప్పుడు లేచింది రూతు.

"సార్, దుకాణంల లంగలకు ఘేరా తక్కువ, సుట్టు గుడ్డ సాలది. సక్లంముక్లం వెట్టుకొని పొద్దంత కూసుంటె పిగులుతయట. లేత రంగు మీద పొగాకు మరకలు. కత్తెర, దారపుండ వెట్టుకునేతందుకు జేబు లేదు. మా అమ్మది గూడ గదే బాధ. నాది గదే. గింత పొద్దు నాకే తట్టలేదు సూడున్రి!"

మేం వెళ్లేసరికి తానులన్నీ మూటల్లో ఉన్నాయి. రూతు చూపు మూలన పడి ఉన్న రెండు తానుల మీద పడింది. ఎండిన పొగాకు రంగు.

"గది రంగు తప్పింది బిడ్డా" అన్నాడు మల్లేశం. "సేటు వద్దన్నడు."

"నాకు గదే గావాలె మామా." ఘేరా సంగతి, జేబు సంగతి అన్నీ చెప్పింది.

మల్లేశం ఒక సాంచ ఆపించి మళ్లీ చెప్పించుకున్నాడు. "మా ఇంట్లామె ఇరవై ఏండ్ల సంది బీడీలు చేస్తున్నది. లంగల గుడ్డ నేత్త గని, నీకెట్లాంటిది గావాలె అని ఒక్కనాడు అడగలె నేను" అన్నాడు. ఆ తానులు తానే ఎత్తి రూతు చేతుల్లో పెట్టాడు. "మొదటిది కుట్టి మా ఇంట్లామెకు తెచ్చియ్యి. ఆమె మంచిగున్నదంటె గీ రంగే ఇంక నేయిస్త."

నాలుగున్నర బస్సుకు బయలుదేరాం. వేములవాడలో మారి అడవి మలుపు చేరేసరికి పొద్దు వాలుతోంది. మళ్లీ తనిఖీ. అదే కానిస్టేబుల్ మూట విప్పించారు.

"గిదేం గుడ్డ? గిదేం రంగు?"

రూతు బెదరకుండా చెప్పింది. ఆయన మూట మళ్లీ కట్టించి, గొంతు తగ్గించారు.

"జేబు ఏ దిక్కుకు వెడ్తవ్?"

"అక్క ఏ చేత కత్తిరిస్తది సార్?"

ఆయన కుడి భుజాన తుపాకి వేసుకుని, ఎడమ చెయ్యి గాల్లోకి లేపి, రెండు వేళ్లతో ఆకు కత్తిరించి చూపించారు. బస్సంతా ఆ వేళ్ల వంకే చూసింది.

"అయితె ఎడమ దిక్కు వెడ్త. ఎత్తెంత?"

ఆయన చెయ్యి తన భుజం దగ్గర ఆగింది. "మా ఇంట్లామె గింత. రెండు కుట్టు." తర్వాత నా వైపు తిరిగారు. "నీ సర్వే అయిందా?"

"అయింది, సార్."

బస్సు కదిలాక ఎల్లవ్వ తానుల మీద చెయ్యి వేసి, "రేపు మీ నాయినకు నేనే జెప్త, చాట ఇంకొకలకియ్యిమని" అంది. రూతు కిటికీ అద్దంలో కనిపించే తన ముఖాన్నే చూసుకుంటోంది. పెదవులు మూడుసార్లు కదిలాయి. అద్దం పాఠం వృథా పోలేదని నేను నమ్మడానికి అదే ఆధారం.

ఈ దారిన వెళ్లేవారికి నా సలహా ఒకటే. పుస్తకం సంచిలో ఉంచండి. ఎవరైనా గడపలో చోటిస్తే కూర్చోండి, చేతికి ఏ పని వస్తే ఆ పని అందుకోండి. ఆ తర్వాత అడగండి. కోరుట్ల దీపాలు కనిపించేటప్పుడు నేను సర్వే పుట తీశాను. ఇంటి నంబర్లు, మగవారి సంఖ్య, వేళలు, దారులు అన్న గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటన్నిటినీ అడ్డంగా కొట్టివేసి, అడుగున ఒక్క పంక్తి రాశాను: రెండు, భుజమెత్తు, జేబు ఎడమ వైపు.