డెమో క్లాసుకు వచ్చిన సూర్యుడు

అమీర్‌పేటలో గోడ కట్టుకునేది కోర్సుల పోస్టర్లు అంటించుకోవడానికే. ఆ సాఫ్ట్‌వేర్ రోజుల్లో మా ప్రహరీ మీద జానెడు జాగా కనిపిస్తే చాలు, తెల్లారేసరికి ఎవడో ఒకడు కొత్త కోర్సు అంటించి పోయేవాడు. బడి మధ్యలో మానేసి, తక్కిన చదువంతా పాత పుస్తకాల దుకాణాల ముందు నిలబడి చదువుకున్న నాకు ఒళ్లు మండేది. నా గోడ మీద నా మాటే లేదు!

ఒకరోజు పంజాగుట్ట నెట్ సెంటర్‌లో ఉపగ్రహం తీసిన సూర్యుడి ఫొటో చూశాను. అంచు నుంచి నిప్పు వంకీ తిరిగి లేచి, తెగి, బయటికి దూకుతోంది. దాని పక్కన పెడితే మన భూమి ఆవగింజ. కలర్ ప్రింట్ తీయించి, ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను.

"మంచిగనే ఉంది. పప్పు మాడుతుంది, జర జరుగు" అంది.

ఇంత వింతను ఒక్కడినే ఎలా చూడను? ఒక్కరైనా నాతోపాటు "అబ్బా" అనాలి. పోస్టర్లన్నీ పీకేసి ఆ ఫొటో అంటించాను. ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.

బ్యాగు తగిలించుకున్న కోస్తా కుర్రాడొకడు ఆగాడు. "ఏంటండీ అంకుల్, కొత్త కోర్సా? ఫీజెంత?"

"కోర్సు గాదు బిడ్డా, సూర్యుడు."

"ప్లేస్‌మెంట్ ఉంటదాండీ?"

సూర్యుడికి ప్లేస్‌మెంటా! తిట్టబోయి ఆగాను. ఫొటో కింద పెద్ద అక్షరాలతో రాశాను: ఆదివారం ఉదయం మేడ మీద ఉచిత డెమో. సీట్లు పరిమితం.

మా ఆవిడ చదివి నెత్తి కొట్టుకుంది. "ఎవ్వడన్న వస్తడా? వస్తే సుత తన్ని పోతరు."

ఆదివారం మా మెట్ల నిండా చెప్పులే. అందరి చేతుల్లో పెన్నులే. నా పాత బైనాక్యులర్‌లో ఒక గొట్టానికి మూత పెట్టి, రెండో దాన్ని ఎండకు తిప్పి, తెల్ల అట్ట మీదికి సూర్యుణ్ణి దింపాను. రూపాయి బిళ్లంత వెలుగు, అందులో నల్లటి మచ్చలు.

"పైకి చూడకుండ్రి, కండ్లు పోతయ్. అట్ట మీదనే చూడుండ్రి. గా పెద్ద మచ్చల మన భూమి మొత్తం పడుతది. ఫొటోల ఉన్న మంటలు గసుంటి మచ్చల కాడికెల్లే లేస్తయి."

పెన్నులు ఆగిపోయాయి.

"అబ్బా!" అన్నాడు ఆ కుర్రాడే. నేను పూర్తిగా మురవక ముందే అడిగాడు: "రెగ్యులర్ బ్యాచ్ ఎప్పట్నుంచండీ?"

"రోజూ పొద్దుగాల, తూర్పు దిక్కు" అన్నాను.

మర్నాడు చూస్తే గోడ మీద ఫొటో లేదు. నాలుగు మూలలా జిగురు మాత్రం మిగిలింది. ఏ హాస్టల్ గదికి పోయిందో! వీధంతా వినబడేలా దొంగల్ని తిడుతూ, మరో ప్రింటు కోసం చెప్పులు వేసుకున్నాను.

"తిడుతున్నవా, మురుస్తున్నవా?" అని నవ్వింది మా ఆవిడ. "గీసారి నాకొకటి తే, వంటింట్ల పెడత."