సారు వినకుండా ఒలిచిన కాయలు

ఇప్పుడే ఒక వేరుశనగకాయను చెవి దగ్గర ఆడించాను. లోపల పప్పు గలగలమంది. ఎదురుగా కూర్చున్న నా విద్యార్థిని వింతగా చూసింది. ఈ అలవాటు మా సారుది. అనంతపురంలో నా పరిశోధనకు గైడు ఆయన. గింజ ఉందో లేదో వినకుండా కాయ ఒలిచేవారు కారు. మాట పెళుసు, పొగడ్త ఆయన నోట వినలేదు.

నేను చేరింది తొంభైల చివర్లో. క్వాంటం సంభావ్యత పేరుకే బెదిరిన నాతో మొదటిరోజే అన్నారు: "వాన పడినాక విత్తనమేసేదీ, విత్తనమేసి వానకు కాసుకునేదీ ఒకటేనా? ఈడా అంతే. ఏది ముందు కొలుస్తాండావో దాన్ని బట్టి జవాబు మారతాది."

మామూలుగా చిన్న చిన్న యాదృచ్ఛిక విషయాలను కోకొల్లలుగా కూడితే గంట ఆకారపు వక్రరేఖ వస్తుంది. అదే కేంద్ర అవధి సిద్ధాంతం. వరుస మారితే జవాబు మారే ఈ లోకంలో మాత్రం ఒకచోట గంట వస్తే మరోచోట అర్ధవృత్తం వస్తుంది. సారు ఎంచి ఇచ్చిన ఒక సందర్భంలో ఏమొస్తుందో నిరూపించడం నా పని. ఏళ్లు గడిచాయి. పంట పోయి విసిగిన నాయన, "ఈ యేడు కాకుంటే సాలు తల్లీ, యాదైనా బడిలో టీచరుగా చేరు" అన్నాడు.

అప్పుడే నెట్ సెంటర్లో నా సిద్ధాంతమే కంటబడింది, ఎవరో విదేశీయులు నిరూపించేశారు. ప్రింటు తీసుకుని బుక్కరాయసముద్రంలో సారు ఇంటికి పరుగెత్తాను. కాయల చేట ముందు కూర్చుని మొత్తం చదివారు.

"మనదే కదా సార్?"

"మనదే. అంటే మనం పోయిన దావ తప్పు గాదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కాయలు ఒలుస్తూనే ఉన్నారు. "ఏడ్సేది అయినాక, వాళ్లు యాడ ఆగినారో చూడమ్మా. కూడేవాటి వరుస ఎట్ల మార్చినా చెల్లుతాదనుకొని చేసినారు. మన వాన అట్ల వస్తాదా? ఆడ్నుంచి మొదలుపెట్టు. మీ నాయనతో నేను మాట్లాడతా."

మాట్లాడారు. నాయన ఒప్పుకున్నాడు. నా డాక్టరేటు ఆ ఆగినచోటి నుంచే పుట్టింది.

సారు పోయాక పలకరించడానికి వెళ్తే ఆయన భార్య అన్నారు: "నీకిచ్చిన లెక్క, మా పెండ్లికి ముందు నుంచీ మీ సారు పట్టుకోని ఉండినది పాపా."

అప్పుడు ఆ సాయంత్రం మళ్లీ కళ్లకు కట్టింది. ఆయన ఒక్క కాయనూ చెవి దగ్గర పెట్టలేదు. పప్పు లేని లొట్టకాయలు ఒకదాని తర్వాత ఒకటి ఒలుస్తూ నాకు ధైర్యం చెప్పారు. పోయింది ఇద్దరికీ, ఏడ్చింది నేనొక్కదాన్నే.

నా ఎదురుగా ఉన్న ఈ పిల్ల ఇందాక ఫోన్‌లో, తన లెక్కనే ఎవరో చేసేసిన పేపరు చూపించి, కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. దోసెడు కాయలు ఆమె ముందుకు జరిపి, వాళ్లు ఎక్కడ ఆగారో చూద్దాం అన్నాను. తనకిచ్చిన లెక్క నేను ఎన్నో ఏళ్లు మోసినదని ఆమెకు తెలియదు, తెలియకూడదు. అందుకే ఆమె చూసేలా ప్రతి కాయనూ చెవి దగ్గర ఆడించి మరీ ఒలుస్తున్నాను.