దివాణం పెద్దమ్మకు రెండోసారి పేరు

టీవీలో పోయిన మనిషికి మా అత్త మైల పట్టింది.

తొంభైల చివర్లో మా ఉద్దానం ఊళ్ళకి కేబుల్ వచ్చిన కొత్తలో మొదలై ఏళ్ళ తరబడి నడిచిన సీరియల్ అది. జమీందారీ కాలం నాటి కథ. అందులో దివాణం పెద్దమ్మ అని, ఎప్పుడూ బొడ్డున తాళాల గుత్తితో తిరిగే ఒక ముసలావిడ ఉండేది. చివరి రోజున ఆవిడ ఎక్కిన పడవ ఏట్లో మునిగింది. నీళ్ళ మీద శాలువా తేలడం చూపించి కథ ముగించేశారు. మా అత్త లేచి, నూతి దగ్గరికి వెళ్ళి, తల మీంచి నీళ్ళు పోసుకుంది.

పదో రోజు దాకా చేప ముట్టలేదు. ఆ రోజున అన్నం ముద్ద చేసి కొబ్బరితోట గట్టు మీద పెట్టి, కాకి ముట్టేదాకా ఎండలో నిలబడింది. జీడిపిక్కలు ఆరబోస్తున్న ఆడవాళ్ళందరూ చూశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏ చావుకు ఎన్నాళ్ళ మైల, పెద్దకర్మ ఏ రోజు పడుతుంది అని వీధంతా అడిగేది నన్నే. క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్క కట్టేదాన్ని. ఒక్క రోజు అటూ ఇటూ పోనిచ్చేదాన్ని కాదు. అలాంటిది మా ఇంట్లోనే ఇలా జరిగింది. మా పక్కింటి మరిది వాకిట్లో నిలబడి అడిగాడు.

"వదినా, దివాణం పెద్దమ్మ మనకేటి వరస? మా ఇంటికి కూడా మైలొచ్చినట్టేనా?"

లోపలికి వెళ్ళిపోయాను.

కొన్నేళ్ళ తర్వాత అదే సీరియల్, కథ ఆగిన చోటి నుంచి మళ్ళీ వస్తోందని టీవీలో వేశారు. పలాస జీడి బట్టీలకు వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర్నుంచి టెక్కలి బస్సులో కూర్చున్నవాళ్ళ దాకా అందరిదీ ఒకటే మాట. అందులో అంత ఏముందని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పూర్వం ఆ సీరియల్ పాట మొదలవగానే మేం ఎసట్లో బియ్యం పోసేవాళ్ళం. అది ఆగిపోయాక సాయంత్రాలకు ఒక వేళంటూ లేకుండా పోయింది. నేను ఆ కథలో తప్పులు పట్టేదాన్ని. పెళ్ళినాటి వయసూ పెద్దకొడుకు వయసూ కలిపి చూస్తే, పెద్దమ్మ తన కొడుకు కన్నా నాలుగేళ్ళే పెద్ద. అలా అని ఒక్క రోజైనా మానేదాన్ని కాదు.

అప్పటికి మా అత్తకు కిడ్నీ జబ్బు ముదిరింది. మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్నదే. కాళ్ళు వాచిపోయి, ఉప్పు లేని తిండి సహించక, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. మాట కూడా తగ్గిపోయింది. సీరియల్ వస్తే లేచి కూర్చుంటుందని నేనూ మా ఆయనా ఆశ పెట్టుకున్నాం. ప్రకటనలో ఎవరో ముసలావిడ, బొడ్డున తాళాల గుత్తితో, దివాణం గేటులోకి నడుస్తోంది. వెనక నుంచే చూపించారు. పెద్దమ్మ బతికే ఉందన్నమాట. వెంటనే అత్తను లేపి చూపించాను.

"కాకి ముట్టినాది. నా కళ్ళతో సూసినాను," అంది అత్త. "సచ్చినోల్లు గడప తొక్కితే ఎలా సూత్తానే? ఆపేయ్."

మళ్ళీ గోడ వైపు తిరిగింది. తర్వాత ఆ పాట వినబడ్డప్పుడల్లా చెవి మీదికి చెంగు లాక్కునేది. ఒకసారి మాత్రం చెంగు కిందనుంచే, బియ్యం పోశానా అని అడిగింది.

చివరికి తనే దారి చెప్పింది. భావనపాడులో చేసినట్టు చెయ్యాలట. ఎప్పుడో అక్కడ సముద్రం మీద చేపల వేటకెళ్ళిన ఒకతని పడవ తుఫానుకు కొట్టుకుపోతే ఇంట్లోవాళ్ళు కర్మ కూడా చేసేశారు. తర్వాత మనిషి నడుచుకుంటూ వచ్చాడు. ఇంట్లోకి రానివ్వలేదు. వాకిట్లో పసుపునీళ్ళు పోసి, బియ్యం చేటలో కాలు పెట్టించి, పసిబిడ్డకు చేసినట్టు చెవిలో పేరు చెప్పాకే గడప దాటనిచ్చారు. ఎండుచేపలకు వెళ్ళిన మా అత్త అది చూసింది.

నేను కుదరదన్నాను. ఆ మాట వీధికి తెలిస్తే రేపు నన్ను లెక్క అడగడానికి ఎవరొస్తారు? మా ఆయన అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్నారు.

"అమ్మ నోరు తెరిచి ఒకటి అడిగి ఎన్నాళ్ళయినాదో లెక్కెట్టు."

సీరియల్ మొదలయ్యే రోజు మధ్యాహ్నం వీధి తలుపు వేశాను. టీవీకి పసుపు రాసి బొట్టు పెట్టాను. ముందర చేటలో బియ్యం పోశాను. చెవిలో పేరు చెప్పాలి. టీవీకి చెవి ఎక్కడుంటుంది?

"సౌండొచ్చే కాడ సెప్పు," అంది అత్త మంచం మీంచి.

వంగి, ఆ చిల్లుల దగ్గర నోరు పెట్టి, "దివాణం పెద్దమ్మా" అని మూడుసార్లు అన్నాను. తల తిప్పేసరికి పెరటి గుమ్మంలో మరిది, అతని వెనక మరో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ఏదో పెద్దకర్మ రోజు అడగడానికి వచ్చారు. నా చేతులకు పసుపు, పమిట నిండా బియ్యం.

"పురుడు సేత్తంది," అంది అత్త. "కూకోండి, బెల్లం పెడతాది."

వాళ్ళు కూర్చున్నారు. బెల్లం తిన్నారు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం మా ఇంటి నిండా జనం. పాట వచ్చింది. పెద్దమ్మ గేటు దాటి ఇటు తిరిగింది. ముఖం పాత మనిషిది కాదు. ఎవరో కొత్తావిడ, పొట్టి ముక్కు, గొంతు కూడా వేరు. ఈవిడెవరని, మోసమని అందరూ నిరాశపడ్డారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా.

మా అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. చాలా రోజులకు కాళ్ళు మంచం కిందికి దించింది.

"సచ్చి పుట్టినాది గదే," అంది. "పాత ముకం ఎలాగొత్తాది?"

గుమ్మం దగ్గర్నుంచి మరిది గొంతు వినబడింది.

"అయితే వదినా, ఈ పురిటికి మైల ఎన్నాళ్ళు?"

అతను నవ్వుతున్నాడో లేదో చూడటానికి నాకు తల లేవలేదు. క్యాలెండరు వైపు తిరిగి, వేలు పెట్టి, లెక్కపెట్టి చెప్పాను.