లేత టేకాకులు నూరిన ఆదివారం

పదకొండేళ్లుగా ఒక మాటను గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ మీతో చెప్పేస్తాను. భయంతో కాదు, సంతోషంతో! తప్పు ఒప్పుకునే మనిషికి సంతోషమేమిటంటారా? వినండి.

నాది మంచిర్యాల. అప్పట్లో సముద్రం పక్క ఊళ్లో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేసేదాన్ని. నాకు సీనియర్ ఖానాపూర్ రూతక్క. గోదావరి కలిసే చోట సముద్రం అడుగున తీసిన బురదే మా ఇద్దరి పని. అక్కడి నీళ్లలో ప్రాణవాయువు చాలా తక్కువ. అందుకే అడుగుకు చేరినది త్వరగా కుళ్లదు, పొరలు పొరలుగా నిలిచిపోతుంది. అది ఎక్కడిది? సముద్రంలో పుట్టిన నాచుదని నేను నా సిద్ధాంత వ్యాసంలో రాస్తున్నాను. కాదు, మన అడవుల ఆకు కూడా బోలెడుందని రూతక్క పట్టుబట్టింది. ఆకు మీది మైనం అంత తొందరగా పోదు, దాని గుర్తులు మిషన్ పట్టేస్తుంది. ఆమె ఐదు పొరలు నూరి చూస్తే ఐదింటిలోనూ ఆ గుర్తులే! ఎగిరి గంతేసింది. నేనూ గంతేశాను. లోపల మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆమె మాట నిలిస్తే నా రెండేళ్ల రాత ఏం కావాలి?

అప్పుడే తొలకరికి ఇంటికెళ్లి లేత టేకాకులు తెచ్చాను. మా దిక్కు పిల్లలు వాటిని అరచేతుల్లో నలిపి ఎర్రగా చేసుకుంటారు. హాస్టల్ అమ్మాయిలు నమ్మలేదు. చూపిస్తానని పంతం పట్టి, ఆ ఆదివారం బురద నూరే రాతి కల్వంలోనే ఆకులు నూరాను. అందరి చేతులూ పండాయి. ఎంత నవ్వామో! కల్వాన్ని నీళ్లతో కడిగి పెట్టేశాను. మైనం నీళ్లకు వదలదని నాకు తెలియదా? తెలుసు. ఆ సంబరంలో తట్టలేదు, అంతే.

సోమవారం రూతక్క అదే కల్వంలో ఆరో పొర నూరింది. ఆకు గుర్తులు ఎన్నడూ లేనంత వచ్చాయి. కల్వం మురికిదని, ఆరు పొరల ఫలితాలూ పారేయమని మా గైడు సారు చెప్పారు. ఆమె నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"నిజం జెప్పు చెల్లె, కల్వం నువ్వేమన్న ముట్టినవా? ఎప్పుడు ఖరాబైందో ఎరుకైతే ముందుగల్ల జేసిన ఐదన్న నిలుస్తయి."

ఆమెదీ టేకడవుల ఖానాపూరే, నా ఎర్రటి అరచేయి చూస్తే అప్పుడే పట్టేసేది. చేతులు చున్నీ కింద దాచుకున్నాను.

"నేను ముట్టలే అక్కా."

"ఒట్టు?"

"ఒట్టు."

"సరే తియ్యి, నువ్వు పరేషాన్ గాకు." తిరిగి నాకే ధైర్యం చెప్పింది!

ఎందుకన్నాను ఆ మాట? భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. భయం సగమే. ఆమె ఓడిపోతే నేను గెలుస్తానన్న పాడు ఆశ మిగతా సగం. ఏడాది తిరగకుండానే ఆమె పరిశోధన మానేసి, ఖానాపూర్ బడిలో సైన్స్ చెప్పడానికి వెళ్లిపోయింది. నేను డాక్టరేట్ తెచ్చుకుని కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను.

మొన్న ఆ ప్రయోగశాల నుంచి ఫోన్. అప్పట్లో నూరకుండా చల్లని గదిలో దాచిన ఆ బురద రెండో సగాన్ని మళ్లీ పరీక్షించారట. ఆ ఐదు పొరల్లోనూ ఆకే! నిజంగా ఆకే! కాలేజీ వరండాలో కేక పెట్టాను. గోదావరి మన ఆకును అంత దూరం మోసుకెళ్లిందన్న మాట!

"కొత్తగా కనిపెట్టాం మేడం, పరిశోధన పత్రంలో మీ పేరూ వేస్తాం" అన్నారు. కొత్తగానా! అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్న వాళ్లకు అంతా రాసి పంపాను. నా పేరు వద్దని, ఆమె పేరు మొదట వేయమని అడిగాను. ఈ పొద్దున ఆ ఉత్తరం కాపీ పట్టుకుని ఖానాపూర్ బస్సెక్కాను.

బడి గేటు దగ్గర రూతక్క నిలబడే చదివింది. చివరిదాకా చదివింది. కాగితం మడిచి, "గా ఐదు నిలిచినయా?" అంది.

"నిలిచినయక్కా."

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. నా వైపు మాత్రం చూడలేదు. కూర్చోమనలేదు, తిట్టలేదు. గంట కొట్టగానే ఆ కాగితం పట్టుకుని క్లాసులోకి వెళ్లిపోయింది.

బస్టాండు బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె క్షమిస్తుందో లేదో నాకు తెలియదు. అడగను కూడా. కానీ పదకొండేళ్లలో మొదటిసారి ఊపిరి నిండా అందుతోంది.