చెమట పట్టిన నేల

లాద్రియేరోస్ క్లబ్బు పెట్టినవాళ్ళు ఇటుకబట్టీ కూలీలు. బట్టీ మూతపడ్డాక మట్టి తవ్విన గుంతను బూడిదతో పూడ్చి, రెండు వైపులా కొయ్యలు పాతి, రింగులు తగిలించి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టారు. బ్యూనోస్ ఐరిస్ శివారులో, రైలు పట్టాలకు అవతల, ఆ పేటకు వేరే వినోదం ఎక్కడిది? నెలీదా ఆ కోర్టు మీదే నడక నేర్చింది, ఆ కోర్టు మీదే ఎవరిస్తో అనే కుర్రాణ్ణి పెళ్ళాడింది. విందు మధ్యలో వాన కురిసి కేకు నానిపోతే, పెళ్ళికొడుకు చొక్కా పిండుకుంటూ, "నీ మీద ఒట్టు, దీనికి పైకప్పు వేయించకుండా చావను" అన్నాడట.

అన్నంత పనీ చేశాడు. ప్రతి ఆదివారం నెలీదా, పేట ఆడవాళ్ళు కజ్జికాయల్లా మాంసం కూరి ఎంపనాదాలు వేయించి అమ్మారు. మగవాళ్ళు పనులు దిగాక వచ్చి ఇనుప దూలాలు ఎత్తారు. చివరికి కింద చెక్క నేల, పైన జింకు రేకులు పరిచారు. రేకుల కింద ఇంకో పొర వేయాలని మేస్త్రీ చెప్పబోతే, ఇంకా ఎన్నాళ్ళు ఆగమంటావని ఎవరిస్తో కసిరాడు. ఆత్రం అలాంటిది. ఆ కప్పు కిందే జట్టు పై విభాగానికి ఎక్కింది. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళకు జీతం ఇచ్చే స్థితికి వచ్చింది. మిగతావాళ్ళు బేకరీలోనో బస్సు మీదో పనిచేసుకుని సాయంత్రాలు వచ్చి సాధన చేసేవారు. ఎవరిస్తో పోయాక నెలీదాకు మిగిలినవి జట్టు చొక్కాలు ఉతకడం, నేల తుడవడం. పిల్లలు లేరు. ఆమెకు క్లబ్బే ఇల్లు.

వేయకుండా వదిలేసిన ఆ పొర ఊరికే పోలేదు. చలికాలంలో హాలు నిండితే చాలు, రేకులకు నీళ్ళు పట్టేవి, చెక్క నేల చెమటోడ్చేది. తడి నేల మీద ఆడనివ్వరు. ఆ ఏడు అప్పటికే రెండు ఆటలు అలా ఆగిపోయాయి. మూడోది కూడా ఆగితే పాయింట్లు అవతలి జట్టుకు పోతాయి, లాద్రియేరోస్ కింది విభాగానికి జారుతుంది. జారితే ఇక నడపలేమని, స్థలం అమ్మేద్దామని సభ్యులు తీర్మానించేశారు. కొనడానికి సూపర్‌మార్కెట్ వాడు కాచుకునే ఉన్నాడు.

మూడో ఆట ఉన్న ఆదివారం పొద్దున నెలీదా తుడిచి చూసినప్పుడు నేల పొడిగానే ఉంది. ఆ తర్వాత పేటంతా దిగింది. క్లబ్బు అధ్యక్షుడు కార్మెలో ముందుజాగ్రత్తగా ఇంటింటికీ కబురు పెట్టాడు, తువ్వాళ్ళు పట్టుకుని రండని. వచ్చారు, రాకేం! ఒకావిడ కిటికీ కర్టెన్ కూడా పీక్కొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తున్నారు, మధ్యమధ్యలో కెటిల్ ఎత్తి వేడినీళ్ళు పోసుకుని మాటె ఆకు కషాయం పీలుస్తున్నారు. తుడిచేకొద్దీ నేల చెమ్మగిల్లుతోంది.

"ఏంటి పిన్నీ ఈ నేల? అచ్చం ఎవరిస్తో బాబాయిలాగే మొండిది!" అన్నాడు కార్మెలో.

నెలీదా నవ్వలేదు. వంగి తుడిచేవాళ్ళ నోళ్ళ ముందే, అద్దం మీద ఊదినట్టు నేల మసకబారడం చూస్తోంది.

"బయటికి పొండి" అంది.

"ఎవరు?"

"అందరూ. నీళ్ళు కాదురా ఇది, మీ ఊపిరి. పొండి, తలుపులు బార్లా తీయండి."

"జనం లేకుండా ఆటేంటి పిన్నీ? పెళ్ళికూతురు లేని పెళ్ళిలా!"

"చావుకి కూడా జనం వస్తారు. ఏది కావాలో తేల్చుకో."

గొణుక్కుంటూ వీధిలోకి నడిచారు. చలిగాలి హాలులో ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడ్చి కొట్టింది. రిఫరీ వంగి నేలకు అరచెయ్యి ఆనించి, ఆట మొదలెట్టమని తలూపాడు. తలుపులు మూసి నెలీదా తుడుపుకర్ర పట్టుకుని కాపలా నిలబడింది.

జనం కూర్చునే ఖాళీ మెట్ల మధ్య బంతి చప్పుడు ఆమె గుండెల్లో పడుతోంది. బయట జనం గోడకు మొహం పెట్టి పాడుతున్నారు. మొదట వెనకబడిన లాద్రియేరోస్ మెల్లగా అందుకుంది. చివరి భాగంలో ముందుకు కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది, తలుపు చప్పుడైంది.

"నెలీదా, తల్లీ, నేనే, రోములోని."

క్లబ్బు పెట్టినవాళ్ళలో బతికున్నది ఆయనొక్కడే. ఆమెను చిన్నప్పుడు భుజాల మీద మోసినవాడు.

"కాళ్ళు కొయ్యబారిపోయాయమ్మా. ఒక్కణ్ణే, మూలన కూర్చుంటా. ఈ ముసలి ఊపిరి ఎంతని!"

"కొంచెం ఓర్చుకో తాతా. అయిపోవచ్చింది."

"నేనూ అయిపోవచ్చాను తల్లీ. ఈ ఒక్కటీ చూడనీ."

ఆమె గడియ తీసింది. అదే క్షణాన లోపల బంతి రింగులో పడింది, మనవాళ్ళు కేక పెట్టారు. ఆ కేక వినగానే జనం ఆగలేదు. ముసలాయన వెనకే, తడిసిన కోట్లతో, పాటలతో, ఏడుపులతో పేటంతా లోపలికి విరుచుకుపడింది. తుడుపుకర్ర అడ్డం పెట్టిన నెలీదా గోడకు నొక్కుకుపోయింది.

కాసేపటికే మన కుర్రాడొకడు జారి పడ్డాడు. రిఫరీ ఈల ఊది, నేలను తాకి, తడి అరచెయ్యి అందరికీ చూపించాడు. "పావుగంట. అప్పటికి ఆరకపోతే ఆట రద్దు."

అంతే, మళ్ళీ అందరూ మోకాళ్ళ మీద పడ్డారు. కోట్లతో తుడిచారు, చొక్కాలు విప్పి తుడిచారు.

"ఒరే, మీకు దండం పెడతాను, బయటికి పొండిరా!" అంది నెలీదా.

ఎవరూ కదల్లేదు. తన చేతిగుడ్డే క్లబ్బును కాపాడుతుందని ఎవరికి వారికే నమ్మకం.

"పోకపోతే పోయారు, ఊపిరన్నా బిగబట్టండి!" అని గొంతు చించుకుంది.

బిగబట్టారు. పేటంతా నేల మీద వంగి, బుగ్గలు పూరించి, కళ్ళు ఎర్రబడి. కానీ ఊపిరిని ఎంతసేపని ఆపగలరు? అందరిదీ ఒక్కసారే బయటికొచ్చింది. రిఫరీ గడియారం చూసి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోయారు. రోములో మాత్రం గడప దగ్గర ఆగాడు. "నేనే చంపేశాను కదమ్మా."

"తలుపు తీసింది నేను తాతా" అంది ఆమె.

ఆయన కూడా వెళ్ళాక, అలవాటు కొద్దీ తుడుపుకర్ర ఆనించింది. జారలేదు. వంగి అరచేత్తో రాసి చూసింది, ఇంకో చోట రాసింది, మధ్య గీత వెంట పాకుతూ అంతా తడిమింది. ఎక్కడా చుక్క లేదు. ఒక్క ఉదుటున లేచి వీధిలోకి పరిగెత్తింది.

"కార్మెలో! ఆరిపోయిందిరా! రండి, నేల ఆరిపోయింది!"

వీధిలో ఎవరూ లేరు. వాన పడుతోంది.