ఇరవై నాలుగులో పదిహేను

మా లైన్లో పనులు పంచడానికి చీటీలు తీసే పెద్దాయన మోసం చేయలేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పాల్సిన రోజు నేను చెప్పలేదు.

పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఆయనా నేనూ కలిసి ఒక లైన్ చూసుకునేవాళ్లం. పదకొండేళ్లు ఒకే టిఫిన్ డబ్బా పంచుకున్నాం. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మా కింద నలుగురు మనుషులు, నాలుగు పనులు. అందులో మందు పొడి ఆరబెట్టే డ్రయ్యర్ గది ఎవరికీ వద్దు. అక్కడి పొడికి రోజంతా కళ్లు మండుతాయి. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున భాయ్ పసుపు హెల్మెట్‌లో నాలుగు చీటీలు వేసి, ఒక్కొక్కరి పేరు పిలిచి తీసేవాడు. పోయిన నెల చేసిన పనే ఏ ఒక్కరికి వచ్చినా నాలుగూ కలిపి మళ్లీ తీయాలి. అదీ రూలు.

సగం కంటే ఎక్కువసార్లు మళ్లీ తీయాల్సి వచ్చేది. ఆ నలుగురిలో భాయ్ బామ్మర్ది ఒకడు. మొదట నవ్వులాటగానే అన్నారు, "భాయ్ చెయ్యి పెడితె బామ్మర్దికి డ్రయ్యర్ యాడికెల్లి వస్తది?" అని. తర్వాత ఆ నవ్వు పోయి, బామ్మర్దికి డ్రయ్యర్ పడకుండా కావాలనే మళ్లీ మళ్లీ తీస్తున్నాడని ఫిర్యాదు మేనేజర్ దాకా వెళ్లింది.

మేనేజర్ అందరినీ రమ్మన్న రోజుకు ముందురోజు నేను ఒక కాగితం మీద లెక్క వేశాను. డిగ్రీలో చదివిందే. నలుగురికి నాలుగు పనులు ఇరవై నాలుగు రకాలుగా పడతాయి. ఒక మనిషిని పాత పనిలోనే ఉంచితే మిగతావాళ్లకు ఆరు రకాలు. నలుగురికీ అలా తీసేస్తే ఇరవై నాలుగూ పోతాయి. కానీ ఇద్దరు కదలని వరసలను రెండేసిసార్లు తీసేశాం కదా, ఆ పన్నెండు తిరిగి కలపాలి. ముగ్గురి కోసం నాలుగు తీసి, నలుగురి కోసం ఒకటి కలిపితే తొమ్మిది. అంటే అందరూ పని మారేది తొమ్మిదింట్లోనే. మిగతా పదిహేనింట్లో మళ్లీ తీయాల్సిందే. భాయ్ చేతిలో ఏ తప్పూ లేదు.

మేనేజర్ గదిలో అందరి ముందు భాయ్ నా వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వు లెక్కలు సదువుకున్నోనివి. జెర చెప్పు, నేను దొంగనా?"

కాగితం నా జేబులోనే ఉంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి కుర్చీ అప్పుడు ఖాళీగా ఉంది. వస్తే ఆయనకు రావాలి, లేదంటే నాకు. నేను తల వంచుకున్నాను.

ఆ నెల దాటకుండానే ఆయన పని మానేశాడు. కుర్చీ నాకొచ్చింది. చీటీలు తీసే పనీ నాకే వచ్చింది. నా చేతిలోనూ సగం కంటే ఎక్కువసార్లు మళ్లీ తీయాల్సే వచ్చింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే ముద్ద దిగేది కాదు.

ఆరేళ్లకు, మొన్న శుక్రవారం, కర్దనూర్‌లో ఆయన పెట్టుకున్న చిన్న కిరాణా దుకాణానికి వెళ్లాను. గడ్డం పూర్తిగా నెరిసింది. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. నేను లెక్క విప్పి చెప్పబోతే చేత్తో ఆపేశాడు.

"లెక్క నాకెందుకు తమ్మీ. నీకు తెలుసని నాకు గప్పుడే తెలుసు."

నేను స్టూలు మీంచి లేచి అన్నాను.

"భాయ్, నీ ఇజ్జత్ పోతుంటె కుర్సీ కోసం నోరు మూసుకున్న. మాఫ్ చెయ్యమని అడిగే మొఖం గూడ లేదు నాకు. అయినా అడుగుతున్న. మాఫ్ చెయ్."