తెర మీద చల్లారిన రియాక్టరు

ఒక మనిషికి చూపు పోవడానికి నేను కారణం. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. భార్యకు చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడక్కండి, అంత ధైర్యం ఇప్పటికీ లేదు.

రెండు వేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో అనకాపల్లిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ని. పరవాడ వైపు మందుల కంపెనీలు వరసగా లేస్తున్న రోజులవి. పని తెలిసిన మనుషులు దొరకడం లేదని ఒక కంపెనీ వాళ్లు, తమ ప్లాంటును బొమ్మలుగా కంప్యూటర్లోకి ఎక్కించిన ప్రోగ్రాం ఒకటి మా సెంటరుకు ఇచ్చారు. తెర మీద గేటు, మెట్లు, పైపులు, వాల్వులు, మధ్యలో మందు ఉడికించే పెద్ద ఉక్కు పాత్ర. దాన్నే రియాక్టరు అంటారు. మౌసు పట్టుకుని ఆ లోకంలో తిరుగుతూ పని నేర్చుకోవాలి. తప్పు చేస్తే తెర ఎర్రబడి మళ్లీ గేటు దగ్గర నిలబెట్టేది, అంతే. ఒళ్లు కాలదు, ప్రాణం పోదు. ఇంతకన్నా మంచి బడి ఉంటుందా అని నిజంగానే నమ్మాను. ఇప్పటికీ ఆ బడిని తప్పుపట్టను. తప్పు పంతులుది.

ఆ బ్యాచ్‌లో అందరికన్నా వయసులో పెద్దవాడు సామ్యేలు. మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసి మోసి నడుం పట్టేసి, కంపెనీ పనైతే నీడపట్టున ఉండొచ్చని వచ్చాడు. మొదట్లో మౌసును బల్ల మీంచి ఎత్తి గాల్లో తిప్పేవాడు. పక్కవాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు. ఆదివారం చర్చి అవగానే తిన్నగా సెంటరుకొచ్చి కూర్చునేవాడు. అతని భార్య కరుణ అన్నం క్యారేజీ అక్కడికే తెచ్చేది. చూస్తుండగానే అందరికన్నా వేగంగా చేసేవాడయ్యాడు. నాకు ముచ్చటేసేది.

ఇక నేను చేసిన పని.

ఆ ప్రోగ్రాంలో ఒకచోట ఆగాలి. ఉడుకు అయ్యాక చల్లనీళ్ల వాల్వు తిప్పి, లోపలి వేడి దిగేదాకా కాచుకుని, అప్పుడు మూత తియ్యాలి. అసలు ప్లాంటులో ఎంతసేపు పడుతుందో తెర మీద కూడా అంతసేపూ పట్టేలా పెట్టారు. మా ఊళ్లో అప్పటి కరెంటు ఎలాంటిదో తెలిసిందే. సామ్యేలు వాళ్లకి ముందు బ్యాచ్‌లో, అందరూ వాల్వు తిప్పి కాచుకుని కూర్చుంటే సరిగ్గా అప్పుడే పోయేది. వచ్చాక మళ్లీ గేటు దగ్గర్నుంచి మొదలు. బ్యాచ్ ముందుకు కదలడం లేదని యజమాని నా మీద విసుక్కునేవాడు. నాకూ విసుగే. సామ్యేలు వాళ్లు చేరకముందే ఒకరోజు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ కాచుకోవడాన్ని తీసిపారేశాను. వాల్వు తిప్పగానే వేడి చూపించే ముల్లు పడిపోతుంది, మూత వచ్చేస్తుంది. ఎంత తెలివైనవాణ్నో అని ఆ సాయంత్రం టీ తాగుతూ మురిసిపోయాను కూడా.

బ్యాచ్ చివర్లో చెబుదామనుకున్నాను, అసలుదాని దగ్గర ఆగాలర్రా అని. అనుకున్నాను. ఆ అనుకోవడాన్నే ఇన్నాళ్లూ నా తరఫు సాక్షిలా నిలబెట్టుకుంటూ వచ్చాను. అనుకుంటే ఎవరికి ఒరిగింది?

చివరి రోజుల్లో కంపెనీ నుంచి మనుషుల్ని చేర్చుకునే ఆఫీసరు వచ్చాడు. ప్లాంటులో చెయ్యిపెట్టి పనిచేసినవాడు కాదు, అందుకని తెర మీద తేడా ఆయనకి తెలియలేదు. నా గొప్ప చూపించుకోవడానికి సామ్యేలును కూర్చోబెట్టాను. అతను వాల్వు తిప్పాడు. ముల్లు పడిపోయింది. మూత మీదికి పోతున్న చెయ్యి ఆగింది. నా వైపు తిరిగి అడిగాడు.

"అక్కడా ఇంత బేగి సల్లారిపోద్దేటి సారూ?"

ఆఫీసరు నా వెనకే ఉన్నాడు. నిజం చెబితే ప్రోగ్రాంలో నేను వేలుపెట్టిన సంగతి బయటపడుతుంది.

"అక్కడా ఇంతే. బేగి కానియ్ సామ్యేలూ," అన్నాను.

అతను మూత తీశాడు. ఆఫీసరు మెచ్చుకుంటూ భుజం తట్టాడు. నా భుజం.

మిగతా వాళ్లను ప్యాకింగులోనూ గోడౌన్లోనూ వేసుకున్నారు. చెయ్యి చురుగ్గా ఆడుతోందని సామ్యేలును రియాక్టరు మీద పెట్టారు. కొన్నాళ్లు పెద్ద ఆపరేటరు పక్కనుండి చేయించాడు. ఒకరోజు ఆ ఆపరేటరు రాలేదు. సామ్యేలు ఒక్కడే నీళ్ల వాల్వు తిప్పాడు, మూత తీశాడు. కాగుతున్న ఆవిరి మొహానికి కొట్టింది. ముల్లు ఎదురుగానే ఉంది కదా, చూడలేదా అన్నారు అందరూ. ఎందుకు చూస్తాడు? చూడనక్కర్లేదని ఆ చేతులకి అలవాటు చేసింది నేను.

కబురు తెలిసిన రోజు నేనేం చేశానో తెలుసా? ఆసుపత్రికి పరుగెత్తలేదు. సెంటరు తలుపు వేసుకుని, తీసేసిన కాచుకోవడాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను. ముందుది బద్ధకం అనుకోండి, అహంకారం అనుకోండి. ఇది మాత్రం ఒళ్లు తెలిసి చేశాను. విచారణకు వచ్చినవాళ్లకి నేనే దగ్గరుండి చూపించాను. ప్యాకింగులో, గోడౌన్లో ఉన్న మిగతా బ్యాచ్ వాళ్లను ఎవరూ అడగలేదు. తెర ముందు అందరం కాచుకుని కూర్చున్నాం, వేడి దిగేదాకా. శిక్షణ సక్రమంగానే ఉంది, కార్మికుడి నిర్లక్ష్యం అని తేల్చారు. ఇంతసేపు ఆగడం నేర్చుకున్నవాడివి ఎలా మర్చిపోయావని మంచం దగ్గర అడిగారట. ఆగినట్టు గురుతు లేదు సారూ అన్నాడట సామ్యేలు. ఆ మాటనే అతని మరుపుకి రుజువు చేసుకుని వెళ్లిపోయారు.

తర్వాత ఒకసారి ఇంటికి వెళ్లాను. గొంతు విని గుర్తుపట్టాడు. మీ దగ్గర నేర్చుకుని మీ పేరు చెడగొట్టేనని నాకే క్షమాపణ చెప్పాడు. ఈయనకి ముందునుంచీ మరుపేనని కరుణ ఏడ్చింది. నేను ఖండించలేదు. ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

అతను ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాడు. తలుపు గడియ పెట్టి కూడా, పెట్టేనా అని కరుణను అడుగుతాడట. మందు వేసుకుని, వేసుకున్నానా అంటాడట. కళ్లు పోయాక మనిషికి మిగిలేది చేతులు, జ్ఞాపకం. వాటి మీద కూడా నమ్మకం లేకుండా చేశాను. చూపు తిరిగి ఇవ్వడం నా వల్ల కాదు. రెండోది ఇవ్వడం నా చేతిలో పని, ఒక్కసారి వెళ్లి నోరు విప్పితే చాలు. ఇన్నేళ్లలో ఆ వీధి మొదట్నుంచి ఎన్నిసార్లు వెనక్కి తిరిగానో.

వెళ్తానని మీకు మాటివ్వలేను. క్షమించమని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. ఇది రాస్తుంటే గుండెల మీంచి బరువు కొంచెం జరిగిన మాట నిజం. ఆ తేలికకు కూడా సిగ్గుపడుతున్నాను. అయినా అతనికి చెప్పలేని మాటను కనీసం మీకు చెప్పనివ్వండి.

సామ్యేలు ఏదీ మర్చిపోలేదు. ఆగాలని అతనికి నేను నేర్పలేదు.